చెలమ లెక్క: కరువు సీమలో భయం లేకుండా అమ్మడం ఎలా

పొద్దున అంగడి తీసి పదకొండు దాటినా బోణీ కాలేదంటే కడుపులో ఒక మంట మొదలవుతుంది. ఎదురు అంగడి ముందు రెండు బండ్లు ఆగి ఉంటే ఆ మంట ఇంకాస్త పెరుగుతుంది. పన్నెండుకు ఒకాయన లోపలికి వస్తాడు. ఆయనకు కావలసింది నాలుగు జాయినర్లు. మనం మాత్రం ఆ నెల బాడుగ, కరెంటు బిల్లు, పిల్లోడి స్కూలు ఫీజు అన్నీ ఆయన జేబులోంచే రావాలన్నట్టు మీద పడతాం. ఆయన జడుసుకుని "మళ్లీ వస్తాలేప్పా" అని వెళ్లిపోతాడు. మళ్లీ రాడు.

అనంతపురంలో డ్రిప్ సామాన్లు, పీవీసీ పైపులు అమ్ముతాను. మొదటి ఆరేడేళ్లు ఇలాగే అమ్మాను. "కరువుకు దాసరైతే పదాలెక్కడ వస్తాయి" అని పెద్దలు ఊరికే అనలేదు. భక్తితో కాకుండా ఆకలితో దాసరి వేషం కట్టినవాడికి పాడటానికి పదాలుండవు. ఇల్లు గడవదేమోనన్న భయంతో కౌంటర్ దగ్గర నిలబడిన మనిషికీ సరైన మాట నోటికి రాదు. వ్యాపార క్లాసుల్లో అబండెన్స్ మైండ్‌సెట్ అని చెప్పేది ఈ భయాన్ని వదిలించుకోవడం గురించే. నేను దాన్ని నిండు మనసు అంటాను. అది పుట్టుకతో వచ్చేది కాదు, కొన్ని పనులు వరసగా చేస్తే వస్తుంది. ఆ పనులేంటో, నేను ఎక్కడ దెబ్బ తిన్నానో ఇక్కడ చెబుతాను. మీది బట్టల అంగడైనా, మెడికల్ షాపైనా, ఇన్సూరెన్స్ పనైనా చాలావరకు పనికొస్తుంది.

ముందుగా ఒక మాట. మీకు భయం వేస్తే సిగ్గుపడకండి. మన భయానికి చరిత్ర ఉంది. 1876-78 నాటి ధాతు కరువు కర్నూలు, కడప, బళ్లారి ప్రాంతాలను ఊడ్చేసింది. అనంతపురం అప్పటికి బళ్లారి జిల్లాలోనే ఉండేది, 1882లో వేరు జిల్లా అయింది. దేశంలో వాన తక్కువ పడే జిల్లాల పేర్లు చెప్పేటప్పుడు జైసల్మేర్ తర్వాత మన పేరే చెబుతారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో వేరుశనగ మీద బతికిన జిల్లా ఇది. ఇలాంటి చోట "ఉన్నది గట్టిగా పట్టుకో" అని అవ్వాతాతలు నేర్పారంటే తప్పు పట్టలేం. అది వాళ్లను బతికించింది.

కాకపోతే ఆ భయం ఆలోచనను తినేస్తుంది. 2013లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు, డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు, బుర్రకు పని పెట్టే కొన్ని పరీక్షలు పెట్టారు. కోత అయి చేతిలో డబ్బు పడ్డాక అదే మనుషులకు మళ్లీ పెట్టారు. కోతకు ముందు చేసినదాని కంటే కోత తర్వాత బాగా చేశారు. మనుషులు వాళ్లే, తెలివి వాళ్లదే. లేమి గురించిన టెన్షన్ ఆ తెలివిలో కొంత భాగాన్ని అటువైపు లాగేసుకుంది. నాకు ఇది చదివాక చాలా ఊరట కలిగింది. పదకొండు గంటలకు బోణీ కానప్పుడు నేను తప్పుడు ధర చెప్పడం, కోపంగా మాట్లాడటం నా గుణం వల్ల కాదని తెలిసింది. కాబట్టి బుర్ర మీద బరువు తగ్గించే పనితోనే మొదలుపెట్టాలి. "పాజిటివ్‌గా ఆలోచించు" అని ఎవరైనా చెబితే వినడానికి బాగుంటుంది గానీ నెల చివర్లో అది బాడుగ కట్టదు.

ముందు పాతర నింపండి

మన పల్లెల్లో వెనక జొన్నల పాతరలుండేవి. భూమిలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పేవాళ్లు. పాతర నిండా జొన్నలున్న ఇల్లు ఒక ఏడాది వాన తప్పితే కంగారు పడేది కాదు, వచ్చిన ధరకల్లా ఎద్దులను అమ్ముకునేది కాదు. వ్యాపారికీ అలాంటి పాతర ఒకటి కావాలి.

ఒక కాగితం తీసుకుని, ఒక్క బేరం కూడా కాకపోయినా నెలకు తప్పకుండా పోయే డబ్బు రాయండి. ఉదాహరణకు బాడుగ 15,000, అంగట్లో పనిచేసే ఇద్దరి జీతాలు 24,000, కరెంటు, ఫోను 3,000, బ్యాంకు కంతు 8,000, ఇంటి ఖర్చు 25,000. మొత్తం 75,000. మూడు నెలలకు 2,25,000. అంత డబ్బు ఒక్కసారిగా ఎవరి దగ్గరా ఉండదు. రోజూ గల్లా కట్టేటప్పుడు, సరుకు డబ్బు లెక్క తీయకముందే, 500 పక్కన పెట్టండి. 450 రోజుల్లో, అంటే ఏడాదిన్నర కాకముందే, పాతర నిండుతుంది. వేరే బ్యాంకులో ఖాతా తెరవండి. దానికి ఏటీఎం కార్డు వద్దు, ఫోన్‌పేకి తగిలించొద్దు. ఆ డబ్బుతో సరుకు కొనకూడదు. బావమరిది అడిగినా చేబదులు ఇవ్వకూడదు.

నా పాతరలో మొదటి లక్ష పడిన వారమే నా గొంతు మారింది. ఆ సంగతి నాకంటే ముందు అంగట్లో పిల్లోడు గమనించాడు. "అన్నా, ఈ మధ్య నువ్వు బేరం పోతాంటే అరవడం లేదు" అన్నాడు.

మీకు ఎంతమంది కావాలో లెక్క తేల్చండి

2000 తర్వాతి దశాబ్దంలో అప్పటి రాయలసీమ నాలుగు జిల్లాలతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలం లెక్క కట్టే ఒక పథకం నడిచింది. చదువు పెద్దగా లేని రైతులు కూడా బోర్లలో నీటి మట్టం కొలిచారు, వాన కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, ఏ పంటకు ఎన్ని కావాలి అని చూసుకునేవాళ్లు. నీళ్లు పెరగకపోయినా లెక్క తేలింది కాబట్టి ఏం వేయాలో, ఏం వేయకూడదో తెలిసేది. గిరాకీకి కూడా మనం అదే పని చేయాలి.

పై ఉదాహరణే తీసుకుందాం. నెలకు 75,000 మిగలాలి. సరుకు మీద మీకు సగటున నూటికి 15 రూపాయలు మిగులుతుందనుకుంటే నెలకు ఐదు లక్షల అమ్మకం కావాలి. 26 రోజులకు పంచితే రోజుకు 19,000 చిల్లర. సగటు బిల్లు 1,600 అయితే రోజుకు పన్నెండు బిల్లులు.

పన్నెండు. ఆ అంకెను కాసేపు చూడండి. లక్ష ఎకరాలకు పైగా డ్రిప్ పారుతున్న జిల్లాలో నాకు రోజుకు కావలసింది పన్నెండు మంది. ఎదురు అంగడికి ఇరవై మంది పోయినా పోనీ. ఆ రాత్రి ఆరు నెలల బిల్లు పుస్తకాలు ముందేసుకుని లెక్కపెడితే నాకు సగటున రోజుకు తొమ్మిది బిల్లులు పడుతున్నాయి. అంటే అన్నాళ్లూ నేను అంతా పోయినట్టు వణికిపోయింది మూడు బిల్లుల లోటుకు. మూడు బిల్లుల లోటుకైతే దారి వెతకొచ్చు. వారానికి ఒక ఊరు తిరగొచ్చు, పాత కస్టమర్లకు ఫోన్ చేయొచ్చు, అంగట్లో లేని వస్తువు ఒకటి తెచ్చి పెట్టొచ్చు. మీ అంకె మీరు ఈ రాత్రే తేల్చుకోండి. అది ఎంతైనా సరే, ఊహించుకున్న భయం కంటే చిన్నదే అవుతుంది. ఒకవేళ నిజంగానే పెద్దదైతే, బాడుగ తగ్గే చోటికి మారాలా, సరుకు మార్చాలా అన్నది కూడా ఆ కాగితమే చెబుతుంది.

ఏది బోరు, ఏది చెలమ?

అన్ని విషయాల్లో "అందరికీ సరిపడా ఉంది" అనుకోవడం అబద్ధం. మన జిల్లావాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. నా చేనులో మూడు వందల అడుగుల్లో నీళ్లున్నాయి. పక్కాయన ఆరు వందలు వేశాడు. నాది ఎండింది. నేను ఎనిమిది వందలు వేశాను. చివరికి ఇద్దరికీ దుమ్మే వచ్చింది. బోరు నీళ్ల దగ్గర ఒకరికి వచ్చిందంటే ఇంకొకరికి పోయినట్టే.

చెలమ సంగతి వేరు. చిత్రావతి ఇసుకలో మోచేయి లోతు గుంట తీసి, చిప్పతో నాలుగు బిందెలు తోడి పక్కకు జరిగితే, వెనకున్న మనిషి బిందె దించేలోపు మళ్లీ ఊరేది. పైగా తోడిన నీళ్లే తేటగా ఉండేవి, తోడకుండా వదిలేసిన చెలమ పాచి పట్టేది. ఇసుక ఉన్నన్నాళ్లే చెలమ. ఇసుక ఎత్తుకుపోయిన చోట ఎంత తవ్వినా రాదు.

వ్యాపారంలో కొన్ని బోరు లాంటివి. మీ చేతిలోని నగదు, మీ రోజులో గంటలు, గోడౌన్‌లో చోటు. వీటిని గట్టిగా కాపాడుకోండి, ఎవరు ఏమనుకున్నా సరే. కొన్ని చెలమ లాంటివి. మీకు తెలిసిన పని, మీ మీద జనానికున్న గురి, మీరు ఒకరికి ఇంకొకరిని పరిచయం చేయడం, మంచి మాట. కరువు మనసు ఈ రెంటినీ తారుమారు చేస్తుంది. విద్యను దాచుకుంటాడు, నగదును మొహమాటానికి పంచుతాడు. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఇలా వచ్చినవే.

కౌంటర్ దగ్గర మొదటి ఐదు నిమిషాలు

ఇది ఎలా ఉంటుందో ఒకరోజు జరిగింది చెబుతాను. బుక్కరాయసముద్రం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నాలుగెకరాల చీనీ తోట. చేతిలో జానెడు డ్రిప్ పైపు ముక్క.

"కడ చెట్లకు నీళ్లు పోవడం లేదప్పా. పైపులన్నీ మార్చేస్తా, ఎంతయితాదో లెక్కేయ్" అన్నాడు.

పదహారు ఎంఎం పైపు, నాలుగెకరాలకు. ముప్పై వేలకు అటూ ఇటూ బిల్లు. పెన్ను నా చేతిలోనే ఉంది. ఆయన తెచ్చిన ముక్కను బ్లేడుతో నిలువుగా చీల్చి చూశాను. లోపల, నీళ్లు చుక్కగా కారే చోట, తెల్లగా సున్నం గట్టిపడి ఉంది. గోటితో గీకితే పొడిగా రాలింది. పైపు మాత్రం గట్టిగానే ఉంది.

"పెద్దాయనా, ఫిల్టరు కడిగి ఎన్నాళ్లయింది?"

"ఫిల్టరు కడగాల్నా?"

ఆయనకు చెప్పిందేమిటంటే, పైపులు మార్చనక్కర్లేదు. ముందు ఫిల్టరు జాలి మార్చు. లైన్ల చివర మూతలు తీసి, నీళ్లు తేటగా వచ్చేదాకా వదులు. తర్వాత సున్నం కరగడానికి యాసిడ్ పెట్టాలి. అది ఎలా పెట్టాలో, యాసిడ్‌లో నీళ్లు పోయకుండా నీళ్లలోనే యాసిడ్ పోయాలని, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. జాలి, కొన్ని ఎండ్ క్యాపులు కలిపి 640 రూపాయల బిల్లు అయింది.

ఇలాంటి కథలు చెప్పేవాళ్లు ఇక్కడ "ఆ తర్వాత ఆయన ఊరంతటినీ నా అంగడికి తీసుకొచ్చాడు" అంటారు. అలా జరగలేదు. ఆయన ఎనిమిది నెలలు కనిపించలేదు. తర్వాత ఒకసారి వచ్చి రెండు కప్లింగులు కొన్నాడు. మూడో ఏడు కొత్తగా మూడెకరాలు నాటినప్పుడు మాత్రం సామానంతా నా దగ్గరే తీసుకున్నాడు, ధర అడగకుండా. మంచి చేసి వెంటనే ఫలితం కోసం వాకిట్లోకి చూస్తూ కూర్చుంటే అది కూడా కరువు మనసే. ముప్పై వేల బిల్లు వదులుకోగలిగానంటే పాతరలో లక్ష ఉండటం వల్లే వదులుకున్నాను. అందుకే పాతరను ముందు చెప్పాను.

మీరు చేయాల్సింది ఏమిటంటే, వచ్చిన మనిషికి ధర చెప్పేముందు మూడు ప్రశ్నలు అడగండి. నా అంగట్లో అవి: ఏ పంట, బోరు ఎన్ని నీళ్లు ఇస్తోంది, ఇబ్బంది ఎక్కడ? బట్టల అంగడైతే: ఎవరికి, ఏ కార్యానికి, ఎంతలో చూద్దామనుకుంటున్నారు? ఆ మూడు జవాబులూ వినేదాకా సరుకు చూపించకండి. "ఈ ఒక్కరోజే ఆఫర్", "ఇదే ఆఖరి పీసు" అనే మాటలు నిజమైతేనే అనండి. వారానికి ఒక్కసారైనా ఎవరో ఒకరికి "మీకిది అవసరం లేదు" అని చెప్పే సందర్భం తప్పకుండా వస్తుంది. వచ్చినప్పుడు చెప్పేయండి. మొదటిసారి గొంతులో అడ్డం పడుతుంది, నాలుగోసారికి అలవాటవుతుంది.

ఎదురు అంగడితో మాట్లాడండి

ప్రొద్దుటూరు బజారుకు ఒకసారి వెళ్లి చూడండి. బంగారు అంగళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. దాన్ని రెండో ముంబై అంటారు. ఒక్క అంగడే ఉంటే పక్క జిల్లాల నుంచి పెళ్లివాళ్లు బస్సెక్కి వస్తారా? పది అంగళ్లు చూసి కొనొచ్చనే వస్తారు. ఆదోని పత్తి మార్కెట్ సంగతీ అంతే. కొనేవాళ్లు నలుగురు ఉన్నచోటికే రైతు బండి కడతాడు. పక్క అంగడివాడు మీ గిరాకీని తినేస్తున్నాడని మీకు అనిపిస్తుంది గానీ, ఆ వీధికి గిరాకీ రావడానికి ఆయన కూడా ఒక కారణం.

ఎదురు అంగడాయనతో నాలుగేళ్లు మాటల్లేవు నాకు. ఒకరోజు నా దగ్గర అరవై మూడు ఎంఎం వాల్వు అయిపోయింది. వచ్చిన రైతు వజ్రకరూరు నుంచి బస్సులో వచ్చాడు, మళ్లీ ఉత్త చేతులతో పంపాలంటే ప్రాణం ఒప్పలేదు. నేనే రోడ్డు దాటి వెళ్లాను. "అన్నా, ఒక వాల్వు కావాలి" అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, తీసి చేతిలో పెట్టి, "డబ్బు సాయంత్రం చూద్దాంలే, ముందు ఆ మనిషిని పంపించు" అన్నాడు. ఇప్పుడు ఇద్దరం సరుకు చేబదులు ఇచ్చుకుంటాం, శనివారం లెక్క చూసుకుంటాం. ఆయన మోటార్లు ఎక్కువ పెడతాడు, నేను ఫిల్టర్లు ఎక్కువ పెడతాను. ఇద్దరికీ గోడౌన్ ఖర్చు తగ్గింది.

అడుగు చిన్నది వేయండి. ముందు ఒక్క కస్టమర్‌ను వాళ్ల దగ్గరికి పేరు చెప్పి పంపండి. వాళ్ల సరుకు గురించి చెడ్డగా మాట్లాడటం మానేయండి. మాట రెండుసార్లు తప్పినవాడితో మాత్రం నమస్కారం వరకే ఉంచుకోండి. నిండు మనసంటే వెర్రి మనసు కాదు.

ధర తగ్గించే ముందు

800కి కొన్న వస్తువు 1,000కి అమ్ముతున్నారు. మిగిలేది 200. కస్టమర్ పది శాతం తగ్గించమన్నాడు, మీరు వంద తగ్గించారు. తగ్గింది ధరలో పది శాతమే, పోయింది లాభంలో సగం. అంతే లాభం రావాలంటే ఇప్పుడు రెట్టింపు అమ్మాలి. ఈ లెక్క కౌంటర్ లోపలివైపు, మీకు కనబడేలా అంటించుకోండి.

"ఎదురుగా తక్కువకిస్తాన్నారు" అన్నప్పుడు వెంటనే తగ్గించొద్దు, ఉక్రోషం కూడా వద్దు. "ఇస్తుండొచ్చు అన్నా. అదే కంపెనీ, అదే మందం ఉందేమో చూసుకో. నా దగ్గర తీసుకుంటే బిగించేటప్పుడు ఏదైనా తేడా వస్తే ఫోన్ చేయి, నేనే మాట్లాడతా" అని చెప్పి ఊరుకోండి. ఊరుకోవడమే కష్టం. ఆ నిశ్శబ్దంలో మనమే తొందరపడి తగ్గించేస్తాం. పదిమందిలో ముగ్గురు వెళ్లిపోతారు, వెళ్లనివ్వండి. మీకు కావలసింది పన్నెండు బిల్లులు, ఊరంతా కాదు.

ఉద్దర: దీని దగ్గర ఎక్కువసేపు ఆగాలి

మన దగ్గర వ్యాపారం చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఉద్దర ఇవ్వడం ఉదారంగా కనిపిస్తుంది. చాలాసార్లు అది భయం. "ఇవ్వకపోతే ఈయన వేరే అంగడికి పోతాడు" అన్న భయం. ఒక కాంట్రాక్టరుకు నేను అలాగే ఇస్తూ పోయాను, లక్షా ఎనభై వేల దాకా. ఆయన పోతాడని భయపడి ఇచ్చాను, ఇచ్చినందువల్లే పోయాడు. బాకీ ఉన్న మనిషి మన వీధిలోకి రాడు. నగదు ఉన్నప్పుడు బాకీ లేని అంగడిలో కొంటాడు. ఈ సంగతి ఏ వ్యాపారిని అడిగినా చెబుతాడు, అయినా ఇస్తూనే ఉంటాం.

అలాగని ఉద్దర లేకుండా రైతులతో వ్యాపారం జరగదు. జూన్, జులైలో విత్తనం వేసినవాడికి పంట చేతికొచ్చేది నవంబర్ ప్రాంతంలో. మధ్యలో ఆయన చేతిలో డబ్బుండదు. కాబట్టి నేను చేసేదేమిటంటే, సీజను మొదలవకముందే, ఎదురుగా ఎవరూ నిలబడి లేనప్పుడు, ఖాతా పుస్తకం ముందేసుకుని ఒక్కో పేరు పక్కన ఒక అంకె రాస్తాను. ఈయనకు ఇరవై వేలు, ఈయనకు ఐదు, ఈయనకు లేదు. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు నిర్ణయిస్తే మొహమాటం నిర్ణయిస్తుంది. అన్ని ఖాతాలూ కలిపినా నేను ఒక నెలలో కొనే సరుకు విలువ దాటకూడదు.

"పంట వచ్చాక ఇస్తా" అనేదాన్ని తేదీగా తీసుకోవద్దు. "కార్తీక పున్నమి లోపల" అనిపించుకోండి. ఆ మాట ఆయనతోనే పుస్తకంలో రాయించండి. గడువుకు పది రోజుల ముందు ఫోన్ చేయండి, దాటాక చేస్తే తగువులా వినిపిస్తుంది. వాన తప్పిన ఏడు బాకీ మాఫీ చేసేస్తానని గొప్పకు పోవద్దు, పీక మీద కూర్చోవద్దు. "ఇప్పుడు పావు వంతు, ఉగాదికి పావు, మిగతాది వచ్చే పంటకు" అని విడగొట్టండి. నా ఖాతాల్లో ఇలా విడగొట్టినవి ఆలస్యంగానైనా దాదాపు అన్నీ వచ్చాయి.

ఇవ్వకూడదని తేల్చుకున్నవారికి ఎలా చెప్పాలి? నేను ఇలా అంటాను: "అన్నా, ఈ బాకీ నీకూ నాకూ మధ్య అడ్డం పడుతుంది, నువ్వు నా అంగడికి రావడం మానేస్తావు. అది నాకు ఇష్టం లేదు. ఉన్న డబ్బుకు సగం సామాను ఈ రోజు తీసుకుపో, మిగతాది వారానికి తీసుకో. అంతవరకు నీ పేరుతో పక్కన పెడతా." కొంతమంది కోప్పడతారు. ఎక్కువమంది సగం తీసుకుపోతారు.

మీరు తయారీదారులై, పెద్ద కంపెనీలకు సరుకు పంపుతుంటే ఇంకొక సంగతి తెలుసుకోవాలి. ఉద్యమ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు రావాలి. రాకపోతే ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. కొని అమ్మే మనలాంటి అంగళ్లకు ఇది వర్తించదు. "అడిగితే ఆర్డరు పోతుందేమో" అని ఆగిపోయేవాళ్లు, ముందు ఒక్క ఉత్తరం మర్యాదగా రాయండి, తేదీలతో.

పని నేర్పడం గురించి రెండు మాటలు

అంగట్లో పిల్లలకు ధరలు, కంపెనీల పేర్లు, కొలతలు అన్నీ నేర్పండి. "నేర్చుకుని రేపు ఎదురుగా పెడతాడు" అంటారు. పెట్టొచ్చు. నా దగ్గర ఐదేళ్లు చేసిన పిల్లోడు కళ్యాణదుర్గంలో పెట్టాడు. ఫిల్టర్లు, వాల్వులు నా దగ్గరే హోల్‌సేల్‌గా తీసుకుంటాడు. నేర్పకపోతే ఏమవుతుందంటే, మీరు ఒక పూట పెళ్లికి వెళ్లాలన్నా అంగడి మూయాలి.

ఇక్కడ జాగ్రత్త

నిండు మనసు పేరుతో తిరిగే మోసాలు చాలా ఉన్నాయి. "పెద్దగా ఆలోచించు" అంటూ మొదలుపెట్టి, చివరికి మనుషులను చేర్పించమనే గొలుసు వ్యాపారాలు, నెలకు పది శాతం ఇస్తామనే డబ్బు స్కీములు. భయంలో ఉన్నవాడే వీటికి త్వరగా దొరుకుతాడు, ఎందుకంటే ఒక్క దెబ్బతో బయటపడాలని ఉంటుంది. నా చుట్టుపక్కల భార్య నగలు కుదువ పెట్టి అందులో పోసినవాళ్లున్నారు. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. లాభం ఎక్కడి నుంచి వస్తుందో ఒక్క వాక్యంలో చెప్పలేని పనిలో పాతర డబ్బు పెట్టకండి. "సమృద్ధిని ఊహించుకో" అని అప్పు చేసి అంగడికి ఏసీ, అద్దాలు పెట్టించమనేవాళ్ల మాట కూడా వినొద్దు.

బేరాలు లేని నెలల్లో

ప్రతి వ్యాపారానికీ ఎండు నెలలుంటాయి. నాకు విత్తనాలయ్యాక ఆగస్టు, సెప్టెంబర్. బట్టల వాళ్లకు మూఢాలు. ఆ నెలల్లోనే కరువు మనసు తిరిగి లేస్తుంది, ధరలు కోసేయాలనిపిస్తుంది. ఆ రోజుల్లో అవసరమైతే పాతర తెరవండి, అది ఉన్నదే అందుకు. ఎంత తీశారో రాసుకుని, సీజనులో మళ్లీ అంతా పోయండి.

పొద్దున పదకొండుకు బోణీ కాకపోతే నేను ఇప్పుడు పాత బిల్లు పుస్తకం తీస్తాను. పోయిన ఏడు ఇదే నెలలో కొన్నవాళ్లలో ముగ్గురికి ఫోన్ చేస్తాను. అమ్మకం మాట ఎత్తను. "మామా, ఆ ఫిల్టరు బాగా పని చేస్తోందా? జాలి కడుగుతున్నారా?" అని మాత్రం అడుగుతాను. కొంతమంది బాగుందని పెట్టేస్తారు. మొన్న ఒకాయన ఫోన్ పట్టుకునే తోటలోకి నడిచాడు. మోటారు వేసి, కడ చెట్టు దగ్గర కూర్చుని, చుక్కలు పడుతున్న చప్పుడు ఫోన్‌లో వినిపించాడు.